లినక్స్ వేసినా పాత కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

ఎందుకు?
తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కీ ర్యామ్‌లో చోటు కావాలి. పాత కంప్యూటర్లో 2 జీబీ ర్యామే ఉంటే, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులకే నిండిపోవచ్చు. గోదావరికి వరదొస్తే పోలవరం స్పిల్‌వేకున్న 48 గేట్లలోంచి నీళ్లు కిందికి వదులుతారు కదా! ర్యామ్ నిండినప్పుడు కంప్యూటర్ కూడా కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీదికి వదులుతుంది. దీన్నే స్వాప్ అంటారు.

చిక్కంతా అక్కడే. డిస్క్‌లో పళ్లెం తిరగాలి, చదివే ముల్లు కదలాలి. ఒక్కసారి వెతకడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌కైతే సెకనులో కోటో వంతు చాలు. అంటే సుమారు లక్ష రెట్ల తేడా!

ఎలా?
* తేలికైన డెస్క్‌టాప్: లినక్స్‌లో తెరమీది మెనూలూ విండోలూ చూపించేది విడి ప్రోగ్రామ్. కాబట్టి గ్నోమ్ లాంటి బరువైన డెస్క్‌టాప్ తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటివి పెట్టుకోవచ్చు. ర్యామ్ మిగులుతుంది.
* స్టార్టప్ జాబితా: కంప్యూటర్ ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల్లో అక్కర్లేనివి ఆపేయండి.
* జెడ్‌ర్యామ్: 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ (లినక్స్ మూల భాగం) నుంచి లినక్స్‌లో అధికారికంగా ఉంది. సమాచారాన్ని డిస్క్‌కి పంపకుండా, కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది.
* ఎస్‌ఎస్‌డీ: హార్డ్ డిస్క్‌కి బదులు పెట్టుకునేది. ఇందులో తిరిగే భాగాలే ఉండవు. డబ్బు ఖర్చు పెట్టగలిగితే ఎక్కువ తేడా కనిపించేది దీనితోనే. మార్చేముందు ఫైళ్లను వేరేచోట దాచుకోండి.

మెనూలు తెలుగులో కావాలా? స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు లినక్స్ తయారుచేసింది.

ఏం చేసినా ముందు టాస్క్ మేనేజర్ చూడండి. నిండింది ర్యామ్ కాదు, ప్రాసెసరే అయితే జెడ్‌ర్యామ్ సాయపడదు.