కావలికుక్క బొచ్చు వెలవెలబోవుట: కారణములు, ఆహారము, పోషణ

ఎద్దు నెమరు మఱచినను, బఱ్ఱె పాలు చేపకున్నను మన రైతులు ఆ పూటనే పశువైద్యునికి కబురు పంపుదురు. చేనికి కావలియుండు కుక్క బొచ్చు ఎండుగడ్డివలె పెళుసెక్కి, వీపున పొట్టు రాలుచు, ప్రక్కటెముకలు లెక్కపెట్టుటకు వీలైనట్లున్నను "కుక్క గదా" యని ఊరకుందురు. ఏటూరునాగారము చుట్టుపట్ల గోదావరి యొడ్డు మిరపతోటలయందును, అడవి యంచున వరి, మొక్కజొన్న చేలగట్లమీదను రాత్రియెల్ల మేలుకొని అడవిపందిని అదలించునది ఆ కుక్కయే. అదియునుగాక ఇంటి పసిపిల్లలు దానిని కౌగిలించుకొని యాడుదురు. దాని చర్మమునందున్న పురుగు పిల్లల చర్మమునకును, దాని కడుపులోని పురుగు పిల్లల కడుపునకును చేరగలదు. కావున ఈ విషయము మన సభ్యులకు చిన్నదిగా తోచగూడదని మా యభిప్రాయము.

మొదట ఒక్క మాట గ్రహింపవలెను. బొచ్చు కాంతి తప్పుట రోగము గాదు, రోగమునకో, ఆహారలోపమునకో గుర్తు. వెంట్రుక దాదాపు అంతయు మాంసకృత్తులతోనే యేర్పడినది. కుక్క నిత్యము తినెడి మాంసకృత్తులలో సుమారు నాలుగవ వంతు, కొన్ని వేళల అంతకు మించియు, చర్మమును వెంట్రుకలను పోషించుటకే వ్యయమగును. తిండి చాలనప్పుడు శరీరము గుండె, కాలేయము మున్నగు ముఖ్యాంగములను ముందు కాపాడుకొని, చర్మమునకు చివర పంచును. అందుచేత లోపము తొలుత కంటబడునది బొచ్చునందే.

మన యిండ్లలో కుక్కకు పెట్టునదేమి? గంజి, మిగిలిన అన్నము, గటక, ఒకింత పులుసు. ఇందు కడుపు నిండును గాని మాంసకృత్తులు గాని, క్రొవ్వు గాని చాలవు. క్రొవ్వు మాట కొంచెము వివరించెదము. 1929వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున బర్ దంపతులు ఎలుకలకు క్రొవ్వు బొత్తిగా లేని ఆహారము పెట్టి చూడగా, వాని చర్మము పొలుసులు గట్టెను, ఎదుగుదల తగ్గెను. ఒక విధమైన క్రొవ్వును శరీరము తనంతట తాను తయారుచేసికొనజాలదనియు, అది తిండిద్వారా రావలసినదే యనియు వారు కనుగొనిరి. దానికి లినోలెయిక్ ఆమ్లమని పేరు. కుక్కకును ఇది యావశ్యకమే. చర్మమునందలి తేమ ఆవిరియై పోకుండ ఆపునది ఇదియే గనుక, ఇది కొఱవడిన చర్మము ఎండును, బొచ్చు నిగ్గు తప్పును.

అయితే అన్ని నూనెలు ఒక్కటి గావు. సాధారణమైన కుసుమనూనెలో ఈ యామ్లము నూటికి డెబ్బది పాళ్లకు పైగా నుండును. నువ్వులనూనెలో సుమారు నలువది పాళ్లు. కొబ్బరినూనెలో మిక్కిలి స్వల్పము. పట్టణములనుండి వచ్చినవారు కొబ్బరినూనె పట్టించుమని చెప్పుట విందుము. పైన పూసిన నూనె ఆ పూటకు మెఱుపు తెచ్చును గాని కుక్క దానిని నాకివేయును, దుమ్ము దానికి అంటుకొనును. నూనె పోయవలసినది వీపున గాదు, తిండిలో.

పదిసేర్లకంటె కొంచెము హెచ్చు, అనగా 10 కిలోల బరువుగల కుక్కకు దినమునకు ఒక చిన్న చెంచాడు నువ్వులనూనెయో, కుసుమనూనెయో అన్నములో కలిపిన చాలును. ఒక్కసారిగా నంత పోయక, పావు చెంచాతో నారంభించి వారము పది దినములలో పెంచవలెను. లేనిచో విరేచనములు పట్టును. పకోడీలు వేయించి మిగిలిన నల్లనూనెను, కంపుగొట్టు పాతనూనెను పోసి పుణ్యము కట్టుకొన్నట్లు తలచుట తప్పు. అట్టి నూనె మేలుకు బదులు కీడే చేయును.

మాంసకృత్తులకు మన ప్రాంతమున లోటు లేదు. గోదావరి చిన్నచేపలను ఉడికించి, పెద్దముండ్లు తీసి, అన్నములో పిసికి పెట్టవచ్చును. చేపలలోని క్రొవ్వు చర్మపు మంటను, దురదను కొంత తగ్గించును. కుండలోని తిండిలో మూడవ వంతైనను చేపయో, మాంసమో, గ్రుడ్డో ఉండునట్లు చూడవలెను. ఎండుచేప పెట్టదలచినవారు నీళ్లలో నానవేసి ఉప్పు పోగొట్టి పెట్టుదురు గాక. గ్రుడ్డు దినము విడిచి దినము ఒకటి పెట్టిన మంచిది, కాని ఉడికించి పెట్టవలెను. పచ్చి తెల్లసొనలో ఒక పదార్థము కలదు; అది చర్మమునకు కావలసిన బయోటిన్ అను జీవసత్త్వమును పట్టియుంచి శరీరమునకు దక్కనీయదు. మేక కాలేయపు ముక్క వారమున కొకసారి చాలును. అది బలమైనదని దినదినము పెట్టినచో ఏ జీవసత్త్వము ఎక్కువై విషమగును. మాంసము ముట్టని యిండ్లవారు ఉడికించిన పప్పు, పెరుగు, వీలైన గ్రుడ్డు పెట్టి గడపవచ్చును. కొంత శ్రమయే గాని అసాధ్యము గాదు.

కేవలము తవుడు, గటకలతో పెరుగు కుక్కలలో మఱియొక చిక్కు కలదు. ధాన్యపు పైపొరలోని ఫైటేటు అను పదార్థము తిండిలోని జింకును బంధించివేయును. జింకు చాలనిచో కండ్లచుట్టును, మూతిచుట్టును, మోచేతులపైనను గట్టి పక్కులు కట్టును. దీనిని గజ్జి యని భ్రమించి మందులు పూయుట కలదు. మాంసము, గ్రుడ్డు, చేప చేర్చినచో చాలవరకు సర్దుకొనును.

పెట్టగూడనివియు చెప్పవలెను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను విఱుగగొట్టును. ఉల్లి వేసిన పులుసు ఒకపూట తిన్న చావదు గాని నిత్యము పోసిన రక్తము పలుచనగును. ఉడికిన యెముకలు చీలి సూదులై ప్రేగులు గ్రుచ్చును. ద్రాక్ష, చాకొలెట్టు విషములు. వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను, పల్లిచెక్కను "మనుష్యులకు పనికిరాదు, కుక్కకు పోయుద"మనుట ప్రమాదము. ఆ బూజు పుట్టించు అఫ్లాటాక్సిన్ అను విషము కాలేయమును చెఱచును. 2005వ సంవత్సరాంతమున అమెరికాలో ఈ విషము కలిసిన మొక్కజొన్నతో చేసిన కుక్కల ఆహారము తిని నూఱింటికి పైగా కుక్కలు చచ్చినవి. యంత్రశాలలో తయారైన ఆహారమునకే ఆ గతి పట్టినపుడు మన కల్లములో తడిసిన కంకుల మాట చెప్పనేల?

తిండి సరిచేసినను బొచ్చు బాగుపడకున్న, ఆ తిండి తినుచున్నది కుక్కయో, దాని కడుపులోని పురుగులో విచారింపవలెను. ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు మన పల్లెకుక్కలలో సర్వసాధారణము. కొంకిపురుగు ప్రేగును కఱచి రక్తము పీల్చును. చిగుళ్లు పాలిపోయి తెల్లనైన అనుమానింపవలెను. దీని పిల్లపురుగులు తడినేలలోనుండి వట్టికాళ్లతో నడచు పిల్లల చర్మములో దూరి వంకర గీతలవలె దద్దుర్లు లేపును. ఏలికపాము గ్రుడ్లు మట్టితో నోటబడిన పిల్లల కంటికి సైతము ముప్పు తేగలదు. కుక్కపిల్లకు రెండవ వారమునుండి రెండేసి వారములకు, రెండు నెలలు దాటినపిమ్మట ఆఱు నెలలవరకు నెలకొకసారి, తరువాత మూడు నెలలకొకసారి పురుగుమందు తూకమునుబట్టి ఇప్పింపవలెను. కోత కోసినచోట పాఱవేసిన పేగులు, ఊపిరితిత్తులు పచ్చివి తిననీయరాదు. అందుండి వచ్చు ఒకజాతి బద్దెపురుగు మనుష్యుల కాలేయమున నీటితిత్తులు పుట్టించును.

ఇక చర్మముపై పురుగులు. తెల్లగుడ్డ పఱచి దానిపై కుక్కను దువ్వినపుడు నల్లని నలుసులు రాలినచో వానిపై నీటిచుక్క వేసి చూడుడు. ఎఱ్ఱబాఱిన అది మట్టి గాదు, గోమార్ల మలము. లోపలనున్నది కుక్క రక్తమే. పిడుదులు చెవులలోను, కాలివ్రేళ్ల నడుమను దాగును. వానిని గోళ్లతో చిదుమరాదు. చిమటాతో చర్మమునకు దగ్గఱగా పట్టి నిలువుగా లాగి సబ్బునీటిలో వేయవలెను. పిడుదులవలన వచ్చు జ్వరములో కుక్క తిండి మానును, చిగుళ్లు పాలిపోవును, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి రక్తము కారును. అప్పుడు ఆలస్యము కూడదు.

గజ్జిని గుర్తించుట కొక సులువైన యుపాయము కలదు. కుక్క చెవి కొసను వ్రేళ్లనడుమ మెల్లగా రుద్దినపుడు వెనుకకాలు తనంతట తాను గోకుట కారంభించిన, చెవియంచులు, మోచేతులు పక్కుకట్టియున్న, గజ్జియని చాలవరకు నమ్మవచ్చును. ఇది మనుష్యులకును కొన్నాళ్లు దురద పుట్టించును. పిల్లకుక్కల కండ్లచుట్టు, ముంగాళ్లపై దురద అంతగా లేకయే బొచ్చు రాలు మఱియొక పురుగుజాడ్యము కలదు. అది అంటునది గాదు. గుండ్రని మచ్చలుగా బొచ్చు ఊడిన తామర కావచ్చును. ఇది పిల్లలకు, దూడలకు అంటును. వీనిని చర్మము గీకి సూక్ష్మదర్శినిలో చూచి వైద్యుడు నిర్ణయింపవలసినదే.

ఇచ్చట మేము కొంత గట్టిగా చెప్పక తప్పదు. బండి యంత్రములనుండి తీసిన కాలిన నూనె, కిరసనాయిలు, ఫినాయిలు, మిరపచేనికి చల్లగా మిగిలిన పురుగుమందు, ఎద్దుల పిడుదులకు తెచ్చిన సీసాలోని మందు: ఇవన్నియు కుక్క వీపున పూసిన వాడుక మన పల్లెలలో నేటికిని కలదు. పూసినదంతయు కుక్క నాకును. నాలుగువందల కిలోల యెద్దుకు కొలిచిన మందును పదునైదు కిలోల కుక్కకు అదే చేతితో పోసినచో అది నురుగులు క్రక్కి వణకి చచ్చుటలో వింతయేమున్నది? పిమ్మట "గజ్జి ముదిరి చచ్చిన"దని చెప్పుకొందురు. గజ్జితో ఒక్క దినములో కుక్క చావదు. నోటిద్వారా ఇచ్చు మాత్రలు నేడు లభించుచున్నవి. వానితో పిడుదులు, గోమార్లు, గజ్జిపురుగులు కూడ చచ్చును. వెల కొంచెము హెచ్చే గాని కుక్క తూకము చెప్పి వైద్యునివలన వ్రాయించుకొన్న ప్రమాదము తక్కువ. చేనికి మందు కొట్టు దినమున కుక్కను ఇంటికడ కట్టివేయుట మఱవరాదు.

దువ్వుట, కడుగుట సంగతి స్వల్పము. దినమునకు అయిదు నిమిషములు బీరపీచుతోనో, గట్టి కుంచెతోనో బొచ్చు వాలువెంట దువ్విన, చచ్చిన వెంట్రుకలు రాలి, చర్మమునందలి సహజమైన జిడ్డు కొసలవరకు ప్రాకును. స్నానము నెలకొకసారి చాలును. కుక్క చర్మము మన చర్మమంత పులుపుగలది గాదు గనుక మన సబ్బులు దానికి సరిపడవు; బట్టల సబ్బు, సోడా అసలే పనికిరావు. పలుచని కుంకుడురసము కండ్లలో పడకుండ వాడి, మంచినీళ్లతో రెండుమార్లు కడిగి తుడువవలెను. వేసవిలో బొచ్చు రాలుట సహజము. దానికి భయపడనక్కఱలేదు, గుండు గొఱుగనక్కఱలేదు. కొల్లేటి ప్రాంతమున బాతులమందలను కాచుటకు పేరొందిన జోనంగి జాతికుక్కకు బొచ్చు పుట్టుకతోనే మిక్కిలి పొట్టి. దానిని చూచి మన కుక్కకును అట్లు రావలెననుకొనుట తగదు.

ఇన్ని చేసినను వారము దినములలో మెఱుపు రాదు. చర్మపు పైపొర మాఱుటకే సుమారు మూడు వారములు పట్టును. క్రొత్త వెంట్రుక కంటికి కనబడుటకు ఆఱునుండి ఎనిమిది వారములు. రెండు నెలలు గడచినను మార్పు లేకున్నను, రెండు ప్రక్కల సమానముగా బొచ్చు ఊడి కుక్క మందగించినను లోపలి గ్రంథుల రోగమేమో వైద్యునికి చూపవలెను.

మన ప్రాంతమువారికి వేఱొక బాధ్యతయు కలదు. ఏటూరునాగారము అడవి 1952నుండి అభయారణ్యము. కుక్కల కంపరజ్వరము, డిస్టెంపరు అనునది, అడవి మృగములకు అంటును. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో సింహములలో సుమారు మూడవ వంతు దానితోనే చచ్చినవి, 2018లో గుజరాతులోని గిర్ అడవిలోను ఇరువదికి పైగా సింహములు పోయినప్పుడు ఆ రోగమే బయటపడెను. కావున కుక్కను అడవిలోనికి విడువరాదు. దానితో వేటాడుట 1972నాటి చట్టముక్రింద నేరము కూడ. డిస్టెంపరు టీకా, పిచ్చికుక్క రోగపు టీకా రెండును వేయింపవలెను. 1885 జూలై 6వ తేదీన పాశ్చర్ పండితుడు తొలిసారి ఒక బాలునికి పిచ్చికుక్క కాటుకు టీకా వేసెను. ఏటేట ఆ తేదీనాడు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట వాడుక. ముందుగా విచారించి కుక్కను త్రాటితో కట్టి తీసికొనిపోయి, వారిచ్చు చీటీని పట్టాపుస్తకముతో కూడ భద్రపఱచుకొనవలెను.