మీకు తెలుసా? కొండ ఎక్కే సంబరం

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకుముందు ఎంతటివారైనా కాలినడకనో, డోలీలోనో కొండెక్కాల్సిందే. ఇప్పుడు బస్సులున్నా అలిపిరి మెట్ల దారిలో సందడి తగ్గలేదు. ఈ దారిలో మెట్లు 3,550, దూరం సుమారు 9 కిలోమీటర్లు. శ్రీనివాస మంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు దారి పొట్టిది: 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. పొట్టిదంటే సులువని కాదు, ఊపిరి తీసుకోనివ్వదు!

అలిపిరి దారిలో సగానికి పైగా మెట్లు గాలిగోపురం లోపే అయిపోతాయి. అక్కడ చల్లగాలికి కూర్చుని, కింద తిరుపతిని చూస్తూ పులిహోర పొట్లం విప్పితే ఆ రుచే వేరు. ఆ తర్వాత చాలాదూరం చదునైన దారే. హమ్మయ్య అనుకునేలోపు నిట్టనిలువుగా మోకాళ్ల మెట్టు ఎదురవుతుంది. కొందరు దాన్ని నిజంగానే మోకాళ్లతో ఎక్కుతారు. మొక్కున్న ఆడవాళ్లు మెట్టుమెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ వంగి లేస్తూ వెళ్తుంటే, ఉత్త చేతులతో ఎక్కుతూ ఆయాసపడే మనకు సిగ్గేస్తుంది.

బాలుడైన అన్నమయ్య చెప్పులతో కొండెక్కుతూ ఇక్కడే సొమ్మసిల్లాడనీ, అలమేలుమంగ ముసలమ్మ రూపంలో వచ్చి చెప్పులు విప్పించి, ప్రసాదం తినిపించిందనీ కథ. నేటికీ చాలామంది ఉత్త కాళ్లతోనే ఎక్కుతారు.

ఈసారి వెళ్తే సంచులు మోయకండి. అలిపిరిలో ఇచ్చేస్తే టీటీడీ వాళ్లు ఉచితంగా కొండమీదికి చేరుస్తారు.