మెత్త కింది బుడ్డి

ఎనిమిదేండ్లు నా మెత్త కింద ఒక చిన్న బుడ్డి ఉండె. ముక్కుల వేసుకునే చుక్కల మందు. రాత్రి రెండు గొట్టంగ మొస మర్రక లేస్తే చీకట్లనే చేతికి దొరకాలె. అటు రెండు చుక్కలు, ఇటు రెండు చుక్కలు. ఐదు నిమిషాలల్ల గాలి ఆడేది, మళ్ల పండుకునేటోన్ని. పెండ్లికి పోయినా, ధర్నాకు పోయినా జేబుల పైసల కంటె ముందు బుడ్డి ఉన్నదా లేదా అని తడుముకునేటోన్ని. తాగుబోతుకు సీసా ఎట్లనో నాకు ఆ బుడ్డి అట్ల.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, గోదావరిఖనిల, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీల నాతోని మీటింగులకు వచ్చే ఇరవై, ఇరవై రెండేండ్ల పోరగాండ్ల జేబులల్ల కూడ అవే బుడ్డీలు చూస్తున్న. "అన్నా, ఇది లేకుంటె నిద్ర పట్టది" అంటున్నరు. తమ్మీ, చెల్లె, జర ఆగి ఇది చదువుండ్రి.

ముక్కు అంటె ఉత్త పైపు అనుకుంటం. లోపట గోడలకు మెత్తటి కండ మడతలు ఉంటయి, వాటి నిండ సన్న రక్తనాళాలు. పీల్చే గాలిని వెచ్చగ జేసుడు, తడి జేసుడు, దుమ్మును పట్టుకునుడు వాటి పని. దుమ్ము తగిల్తే, సర్ది అయితే ఆ నాళాలల్లకు రక్తం ఎక్కువ వచ్చి మడతలు నీళ్లు తాగిన స్పంజి లెక్క ఉబ్బుతయి. మనం చీమిడి అడ్డం వడ్డదని చీదుతనే ఉంటం. శానసార్లు అడ్డం ఉండేది మన కండనే. ఎంత చీదితే ఏమొస్తది?

ఆ చుక్కలల్ల ఉండేది ఆక్సీమెటజొలిన్, లేకుంటె జైలోమెటజొలిన్. ఒట్రివిన్, నాసివియన్ అని దొరికేటియి ఈ జాతివే. అవి రక్తనాళాలను గట్టిగ ముడుచుకునేటట్టు చేస్తయి, దారి తెరుచుకుంటది. సర్దికి మూడు రోజులు వాడుకుంటె మంచి మందే. ఐదు రోజులు దాటితే కథ మారుతది. మందు దిగంగనే నాళాలు ముందటి కంటె ఎక్కువ ఉబ్బుతయి. మళ్ల చుక్కలు, మళ్ల ఉబ్బు. నేను చూపించుకున్న డాక్టర్ ఒక్క మాట చెప్పిండు: "సర్ది ఎప్పుడో పోయింది. నీ ముక్కును ఇప్పుడు మూస్తున్నది ఈ బుడ్డే." ఎనిమిదేండ్లు చుక్కలు కొన్న మెడికల్ షాపుల ఒక్కసారి కూడ ఈ మాట ఎవ్వలు చెప్పలే. నేను అడగలే, అది కూడ నిజమే.

ఇడిసిన తీరు చెప్త. ముందుగాల ఒక్క ముక్కుకు బందు వెట్టిన, ఇంకోదానికి రాత్రి పూట వేసుకున్న. బందు వెట్టిన దిక్కు వారం రోజులు నరకమే. అది తెరుచుకున్నంక రెండోదానికి కూడ బందు. దాంతోపాటు డాక్టర్ ముక్కుల కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాసిండు. స్టెరాయిడ్ అంటె నేను కూడ భయపడ్డ. కానీ అది ముక్కు లోపటికే చిన్న మోతాదు, వాపును మెల్లగ తీస్తది. చుక్కల లెక్క ఐదు నిమిషాలల్ల పనిచేయది, వారం రెండు వారాలు ఓపిక పట్టాలె. కొట్టేటప్పుడు మూతి ముక్కు నడిమి గోడ దిక్కు కాకుండ చెవి దిక్కు ఉండాలె. సొంతంగ కొనకుండ్రి, డాక్టర్‌ను అడిగే వాడుండ్రి.

పొద్దంత బాగుండి రాత్రే ఎందుకు బిగుస్తదంటె, పండుకుంటె తల దిక్కు రక్తం ఎక్కువ జమైతది. ఇంకోటి, ఆరోగ్యంగున్న మనిషికి కూడ రెండు ముక్కులు ఒక్క తీరుగ తెరిచి ఉండయి. కొన్ని గంటలు ఒకటి, కొన్ని గంటలు ఇంకోటి వంతు తీసుకుంటయి, మన షిఫ్టుల లెక్క. 1895ల కేజర్ అనే జర్మన్ డాక్టర్ దీన్ని రాసి పెట్టిండు. పక్కకు తిరిగి పండుకుంటె కింది ముక్కు మూసుకుంటది, మీదిది తెరుచుకుంటది. అందుకే బిగుసుకున్న ముక్కు మీదికి వచ్చేటట్టు ఒరగాలె. తల కింద ఇంకో మెత్త వెడితే ఇంక నయం.

ఇగ దుమ్ము. మా బాపు బాయిల దిగి వచ్చి ముక్కు చీదితే నల్లగ వడేది. ఇప్పుడు బాయిల దిగనోళ్లకు కూడ ఓపెన్‌కాస్టుల దుమ్ము, బొగ్గు లారీల రోడ్ల దుమ్ము తప్పుతలేదు. చలికాలం రాత్రులల్ల గాలి కదలది, దుమ్ము, పొగ కిందనే ఆగుతయి. షిఫ్టు దిగి వచ్చినోళ్లు కాళ్లు చేతులు కడుక్కొని పండుకుంటరు, తల కడగరు. ఎంటికలల్ల ఉన్న దుమ్మంత మెత్తకు అంటి రాత్రంత ముక్కు కిందనే ఉంటది. తల తడిపి పండుకోండ్రి. చెద్దరు, మెత్త గలీబు వారానికోసారి వేడి నీళ్లల్ల పిండుండ్రి, లారీలు పోయే దిక్కు ఆరేయకుండ్రి.

ఉప్పు నీళ్లతోని ముక్కు కడుగుడు నాకు అన్నిటికంటె అక్కరకొచ్చింది. అర లీటరు నీళ్లకు చిన్న చెంచకు జర తక్కువ ఉప్పు. నీళ్లు మసలవెట్టి సల్లార్చినయే కావాలె, నల్లా నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు. కేరళల 2024ల, 2025ల మెదడు తినే అమీబా గురించి వార్తలు చూసే ఉంటరు. అది నీళ్లతోని ముక్కుల నుంచే ఎక్కుతది. తాగితే ఏం కాని నీళ్లు ముక్కుల పోస్తే పాణం మీదికి తేవచ్చు.

బామ్ రాసుకుంటె ముక్కు తెరిచినట్టు అనిపిస్తది. అనిపించుడే. మెంథాల్ సల్లదనం తెలిపే నరాన్ని తట్టుతది, వాపు తీయది. హాయిగ ఉంటె రాసుకోండ్రి, చంటిపిల్లలకు మాత్రం వద్దు. దోమల కాయిల్ ఆర్పుండ్రి, దోమతెర కట్టుండ్రి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్న దుమ్ము 75 నుంచి 137 సిగరెట్లంత అని 2003ల వచ్చిన ఒక పరిశోధన లెక్క గట్టింది. ముక్కు దిబ్బడకని గోలీలల్ల కలిపే ఫినైలెఫ్రిన్ మింగితే పని చేయదని 2023 సెప్టెంబర్‌ల అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ తేల్చింది. అవే గోలీలల్ల క్లోర్‌ఫెనిరమిన్ ఉంటది, అది నిద్ర తెస్తది. సర్ది గోలీ ఏసుకొని రాత్రి షిఫ్టుల డంపర్ ఎక్కే అన్నలున్నరు. ఓపెన్‌కాస్టు అంచు మీద రెప్ప వాలితే ఏమైతదో నేను చెప్పే పని లేదు.

ఎప్పుడూ ఒక్క దిక్కే మూసుకుంటున్నా, రక్తం వడుతున్నా, గురక వెట్టుకుంట నడుమ దమ్ము ఆగుతున్నా డాక్టర్ దగ్గరికి పోవాలె. చిన్న పిల్లగానికి ఒక్క ముక్కు నుంచే వాసనొచ్చే చీమిడి కారుతుంటె ఏ గింజనో, బొమ్మ ముక్కనో ఇరికిందని అనుమానపడాలె.

ఇంట్ల ఇవన్ని చేసుకుంటం, బాగనే ఉంది. ముక్కు కడుక్కునుడు మన పని, లారీల రోడ్డు మీద నీళ్లు కొట్టుడు మన పని కాదు. చట్టం కింద బొగ్గు దుమ్ముతోని వచ్చే ఊపిరితిత్తుల జబ్బు న్యుమోకోనియోసిస్ లెక్కల రాయాల్సిన జబ్బు. రాత్రంత నోటితోని దమ్ము తీసుకునే కాలనోళ్లు ఏ లెక్కలల్ల ఉండరు. అయితే గాలికి లెక్క ఉంది. 2009ల పెట్టిన జాతీయ ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిల 24 గంటల సగటున పీఎం10 దుమ్ము 100 మైక్రోగ్రాములు, పీఎం2.5 అయితే 60 దాటొద్దు. పర్యావరణ అనుమతి తీసుకున్న ఓపెన్‌కాస్టు ప్రతి ఆర్నెల్లకోసారి షరతుల అమలు మీద రిపోర్టు ఇయ్యాలె.

రామగుండంల కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసు ఉంది. తెల్ల కాయితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయుండ్రి, ఫీజు 10 రూపాయలు. మీ కాలనీ దగ్గర గాలి కొలిచే మిషన్ ఎక్కడుందో, పోయిన నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక ఏ రోజు పీఎం10 ఎంతున్నదో, ఎన్ని రోజులు 100 దాటిందో తారీఖుల వారీగ అడుగుండ్రి. ఉత్తగ "కాలుష్యం ఎంత" అని రాస్తే ఉత్త జవాబే వస్తది. 30 రోజులల్ల జవాబియ్యాలె. ఇయ్యకుంటె మొదటి అప్పీలు చేయుండ్రి. దరఖాస్తు నకలు, పోస్టు రసీదు పారేయకుండ్రి.