గాలం వేసే ముందు ఒడ్డు చూసుకోండి

మిరుగం నాడు చేపల కూర వండని ఇల్లు మన దగ్గర తక్కువ. ఆ రోజు మార్కెట్లో కొర్రమీను ధర వింటే గుండె గుభేలుమంటుంది. వానలు పడి కుంటల్లోకి కొత్తనీరు చేరిందంటే మాత్రం ఇంట్లో మూలన పడి ఉన్న గాలాలు బయటికొస్తాయి. మానకొండూరు చెరువు గట్టయినా, కరీంనగర్ దగ్గర దిగువ మానేరు ఒడ్డయినా, ఆదిలాబాద్ ఖానాపూర్ చెరువైనా సరే. ఒకప్పుడు వెదురు కర్ర, బెండు, వానపాము ఉంటే చాలు. ఇప్పుడు ఆన్‌లైన్లో తెప్పించుకున్న ఫైబర్ కర్రలు, రబ్బరు కప్పలు వచ్చాయి.

రెండు గంటలు ఫోన్ పక్కన పెట్టి నీళ్లకేసి చూస్తూ కూర్చోగలిగితే మంచిదే. నిద్ర పట్టడం లేదని ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి అలాంటి వ్యాపకం ఒక్కటీ ఉండదు. (చెరువు మత్స్య సహకార సంఘానిదైతే ముందు వాళ్లనడగండి. ఆ చేపలు వాళ్ల బతుకుదెరువు.)

కొర్రమీను ఎక్కడుంటే ప్రమాదం అక్కడే

మన రాష్ట్ర చేపకు ఒక అలవాటుంది. మొప్పలతో పాటు నేరుగా గాలినీ పీల్చుకుంటుంది కాబట్టి బురద నీళ్లలోనూ బతుకుతుంది. తుంగ, తామరాకులు, గుర్రపుడెక్క కింద ఒడ్డుకు దగ్గరగా మాటువేసి, కప్పనో చిన్నచేపనో చటుక్కున అందుకుంటుంది. దాంతో గాలం వేసేవాళ్లు కూడా అడుగు కనిపించని ఆ అంచుకే చేరతారు.

ఆ అంచును నమ్మకండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. అంతకుముందూ ఆ తర్వాతా మొరం కోసం తవ్వుకున్న కుంటలూ ఉన్నాయి. ఎండాకాలంలో కళ్లెదుట కనిపించిన గుంత వానాకాలంలో నీటికింద దాక్కుంటుంది. మోకాలి లోతు తర్వాతి అడుగే నిలువెత్తు లోతు కావచ్చు. చిక్కుకున్న గాలం విడిపించడానికి దిగేవాళ్లకు ఇదే ముప్పు. ఈత వచ్చినవాళ్లకూ తుంగ కాళ్లకు చుట్టుకుంటే చేతులాడవు. వంద రూపాయల రబ్బరు కప్ప పోతే పోనివ్వండి, దారం కోసేయండి. ఇక సీసా పట్టుకుని గట్టుకు వెళ్లేవాళ్లకు చెప్పేది ఒక్కటే, గాలమో సీసానో ఏదో ఒకటే తీసుకెళ్లండి.

ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. తాడు, పొడవాటి వెదురు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, ఏది దొరికితే అది అందించండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం వద్దు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరుపెట్టి గాలి ఊది, ఆపై ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి 2 సార్లు ఊదుతూ 108 వచ్చేదాకా ఆపకండి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత కూడా మొరాయించవచ్చు.

కొక్కెం గుచ్చుకుంటే

కొర్రమీనుకు పదునైన పళ్లుంటాయి. గాలం ఊడదీసేటప్పుడు అది ఒక్క ఎగురు ఎగిరితే కొక్కెం మన బొటనవేల్లో దిగుతుంది. గుడ్డతో పట్టుకుని కటింగ్ ప్లేయరుతో ఊడదీయడం అలవాటు చేసుకోండి. కొక్కేనికి వెనక్కి తిరిగిన చిన్న ముల్లుంటుంది. లాగితే కండ చీరుకొస్తుంది. అందుకే లాగొద్దు. దారం కోసేసి, సబ్బునీళ్లతో కడిగి, కొక్కెం కదలకుండా చుట్టూ గుడ్డ కట్టుకుని రండి. మేం మత్తిచ్చి మొనను ముందుకే తోసి బయటికి తీస్తాం. ముల్లు కత్తిరించాక మిగతాది వచ్చిన దారినే సులువుగా వచ్చేస్తుంది. కంట్లోగానీ కంటి దగ్గరగానీ దిగితే మాత్రం ఏమాత్రం ముట్టుకోకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టీకాలన్నీ వేయించుకున్నవాళ్లయినా చివరి టీటీ తీసుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. మురికినీటి గాయం షుగర్ ఉన్నవాళ్లలో ఒక్క రాత్రిలో ముదరవచ్చు. ‘చిన్నదేలే’ అని పసుపు అద్ది ఊరుకోకండి.

మసక చీకటిలో గట్టు దిగుతుంటే టార్చి, మందపాటి బూట్లు ఉండాలి. నీళ్లలో ఈదే నీరుకట్టెతో ప్రాణానికి భయం లేదు. గట్టు రాళ్ల సందుల్లో ఉండే రక్తపింజర, నాగుపాములతోనే ముప్పు. రాత్రి గట్టుమీదే నడుం వాల్చేవాళ్లను కట్లపాము కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కాలు కదలకుండా ఉంచి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉచితం. పాము కోసం వెతుకుతూ కూర్చోకండి.

తొలకరి వానలంటే పిడుగులు కూడా. ఉరుము వినపడిందంటే కర్ర కిందపెట్టి పక్కా ఇంట్లోకి వెళ్లండి. చెట్టుకింద వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. కరెంటు తీగల కింద కార్బన్ కర్ర ఎత్తడం కూడా అంతే ప్రమాదం.

చెరువుకు వెళ్లొచ్చిన నెలలోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబారడం ఉంటే చెరువు సంగతి డాక్టరుకు చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. మీరు చెప్పకపోతే డెంగీ పరీక్షల దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది.

చేప ఇంటికొచ్చాక

గాలానికి రవ్వ, గడ్డిచేప కూడా పడతాయి. వాటి పిత్తాన్ని పచ్చిగా మింగితే షుగర్ తగ్గుతుందని, చూపు మెరుగవుతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గి ‘హమ్మయ్య’ అనుకునేలోగా మూత్రం తగ్గిపోతుంది. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్తారు. ఉడికించినా ఆ విషం పోదు. చేప శుభ్రం చేసేటప్పుడు ఆకుపచ్చటి ఆ సంచి పగలకుండా తీసి పారేయండి. ఎవరైనా పొరపాటున మింగితే వాంతుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి రండి. ఏ చేప పిత్తం, ఎంత, ఎప్పుడు తిన్నారో దాచకుండా చెప్పండి.