బెణుకే కదా అనుకోకండి!

తడి మెట్ల మీద జారితే ముందు అరచెయ్యి ఆనిస్తాం. భారమంతా మణికట్టు మీదే పడుతుంది. వాస్తే "బెణుకేలే" అని బామ్ రాసి, అంట్ల ముందు కూర్చుంటాం. మా వెంగళరావు నగర్‌లో నేనెరిగిన ఇల్లాళ్ళందరిదీ ఇదే వరస.

మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. నడుమ నెలవంకలా ఉండేది లూనేట్. గట్టి దెబ్బకి అదిగానీ, దాని చుట్టూ ఉన్నవిగానీ చోటు తప్పడం అరుదే. కానీ ఇలాంటి కేసుల్లో నాలుగింట ఒకటి మొదట్లో డాక్టర్ల కళ్ళకీ చిక్కలేదని 1993లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. లూనేట్ పక్కకి ఒరిగితే, పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఒలికిన టీకప్పులా కనిపిస్తుంది. అందుకే ఆ ఎక్స్‌రే కూడా తీయించమని అడగండి.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కాయా? నరం నలుగుతోందేమో, ఆలస్యం వద్దు. పుత్తూరు కట్టు మీద మనకి గురి ఎక్కువే. అయితే తెగిన లిగమెంట్లని ఏ కట్టూ కుట్టలేదు. ఆపరేషన్‌లో ఎముకని చోటికి చేర్చి, లిగమెంట్లు కుట్టి, సన్నని తీగలతో నిలబెడతారు. ఆ తీగలు తీయడానికి దాదాపు రెండు నెలలు. తర్వాత వ్యాయామం. అయినా మునుపటి పట్టు పూర్తిగా రాకపోవచ్చు. ఆలస్యమైతే కొన్ని ఎముకలు తీసేయాల్సి కూడా వస్తుంది.

మరి ఆ రెండు నెలలూ చపాతీపిండి, బట్టలు పిండడం? ఇంట్లో ఉన్న చేతులు మనవి రెండేనా, చెప్పండి!