ఇన్ని యక్షరముల ఇంగ్లీషు పదమును కనిపెట్టుట

ఇంగ్లీషు పదములతో నాడు చిక్కు ఆటలు మన విద్యార్థులకు మిక్కిలి ప్రియమైనవి. "అయిదక్షరముల పదము, అందు క్యూ, ఐ, టి యుండవలెను, అది యేది?" అని యొకరు అడుగఁగానే పదిమంది కన్నులు మూసికొని ఊహింప సాగుదురు. ఊహ యొకప్పుడు ఫలించును, పెక్కుమారులు ఫలింపదు. ఫలింపనప్పుడు "నాకు ఇంగ్లీషు రాదు" అని చిన్నబుచ్చుకొనువారిని మేము తరగతులయందు చూచియున్నాము. వారికి కొఱవడినది ఇంగ్లీషు కాదు, వెదకు క్రమము. ఆ క్రమమును గూర్చి యిచ్చట కొంత వ్రాయఁదలఁచితిమి. ఇంగ్లీషు అక్షరములను వాని పేళ్లతోనే వ్రాయుచున్నాము: "ఏ" యనఁగా మొదటి యక్షరమనియు, "ఇ" యనఁగా అయిదవదనియు, "ఐ" యనఁగా తొమ్మిదవదనియు చదువరులు గ్రహింతురు గాక.

మొదట మన పిల్లలను తడబఱచు సంగతి యొకటి కలదు. తెలుఁగున "రాత్రి" రెండక్షరములు. "స్త్రీ" ఒక్కటియే యక్షరము. మన లిపిలో అచ్చు హల్లుతో కలిసిపోవును, హల్లు క్రింద హల్లు చేరును. ఇంగ్లీషులో నట్లుగాక ప్రతి యచ్చునకును ప్రతి హల్లునకును వేఱు స్థానము కలదు. అందుచేత నోట నొక్క ఊపున పలుకఁబడు "నైట్" అను పదము కాగితముపై అయిదు గళ్లను ఆక్రమించును. అందు జి, హెచ్ అనునవి నోటికి రానే రావు. కావున గళ్లను లెక్కించునపుడు చెవిని నమ్మరాదు, కన్నునే నమ్మవలెను.

ఇరువదియాఱు అక్షరములను అయిదు గళ్లలో ఇష్టము వచ్చినట్లు పెట్టినచో 1,18,81,376 విధములు ఏర్పడును. ఇన్నింటిని పరిశీలించుటకు ఆయుష్షు చాలదు. కాని పై ప్రశ్ననే తీసికొందము. ఇంగ్లీషున క్యూ పిమ్మట యు వచ్చుట ఆచారము. అన్యభాషలనుండి వచ్చిన కొన్ని పదములు మాత్రమే దీనికి తప్పియుండును. ఈ జంటను విడఁదీయక యొక్క ముక్కగా భావింపుఁడు. మిగిలినవి ఐ, టి, తెలియని యక్షర మొకటి. ఈ నాలుగు ముక్కలను 24 విధముల అమర్పవచ్చును. తెలియని యక్షరమునకు 26 అవకాశములు. వెరసి 624కు మించవు. కోటికి పైగా నున్నది ఆరువందలకు దిగినది! మఱియు క్యూ-యు జంట తఱచుగా పదాదియందే నిలుచును, దాని వెంట అచ్చు వచ్చును. అప్పుడు ఐ మూఁడవ గడిలో కూర్చుండును, లేదా మఱియొక యచ్చునకు చోటిచ్చి నాలుగవ గడికి జరుగును.

ఇఁక పదములు వానంతట అవే బయలుపడును. బొంత యను నర్థముగల "క్విల్ట్". నిశ్శబ్దమను నర్థముగల "క్వైయెట్". మిక్కిలి యను నర్థముగల "క్వైట్". విసరెడు వలయమను నర్థముగల "కాయిట్". ఈ కడపటిది కష్టమని తోఁచవచ్చును గాని మన బాలికలు ఆడు టెన్నికాయిట్ ఆట పేరులో దాఁగియున్నది. రెండవ, మూఁడవ పదములకు అక్షరము లయిదును సమానమే. చివర ఇ, టి స్థానములు మాత్రము మాఱినవి. వ్యాసములలో ఒకదానికి బదులు రెండవది వ్రాయని విద్యార్థిని మేమింతవఱకు చూడలేదు. ఈ ఆటలో ఒక్కమారు రెండింటిని ప్రక్కప్రక్కన కనుఁగొన్నవాఁడు మరల పొరపడుట యరుదు.

ఏ యక్షరము తఱచుగా వచ్చునో యెఱుఁగుటయు అవసరమే. ఇంగ్లీషున అన్నిటికంటె ఎక్కువగా వచ్చునది ఇ. మోర్సు తంతి సంకేతములలో ఆ యక్షరమునకు ఒక్క చుక్కయే చాలుటకు కారణ మిదియే. అమెరికా దేశపు వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికలలోని యక్షరములను ఓపికతో లెక్కించి, తరువాత స్క్రాబుల్ అని పేరొందిన యాటను కల్పించెను. అందలి 100 పలకలలో ఇ పండ్రెండు, క్యూ ఒక్కటియే.

నిఘంటువు మొదటి యక్షరము తెలిసినప్పుడే తోడ్పడును. కడపటి యక్షరములు మాత్రమే తెలిసినచో ఏమి చేయుదము? జాన్ వాకర్ అను నాంగ్లేయుఁడు 1775లో పదములను వాని తుదినుండి వరుసపఱచి యొక నిఘంటువును ప్రకటించెను. కవులు అంత్యప్రాసలకై దానిని వాడిరి. మన యాటకును అది చక్కగా నుపకరించును.

గళ్లనుడికట్టును ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డ్ పత్రికలో మొదట ప్రకటించెను. ఇటీవలి "వర్డిల్" 2021లో జనులలో వ్యాపించినది. అందు అయిదక్షరముల పదమును ఆఱు యత్నములలో కనిపెట్టవలెను. అక్షరము తన చోటనే యున్నచో పచ్చరంగును, వేఱుచోట నున్నచో పసుపురంగును కనఁబడును. ఒకనాఁడు రెండు యత్నములతోనే మాకు చివరి నాలుగక్షరములు, ఐ, జి, హెచ్, టి, దొరకినవి. గెలిచితిమని పొంగిపోయి లైట్, మైట్, రైట్, సైట్ అని వరుసగా వ్రాసి ఓడితిమి! విరళమైనవానిని విడిచినను ఆ తోఁకకు తగిన పదములు ఎనిమిది కలవు: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. ఆనాఁటిది టైట్.

మేము చేయవలసిన దేమనఁగా, జవాబు కాదని తెలిసియు "ఫిల్మ్స్" అని వ్రాయుట. అందు ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగును ఒక్క యత్నముననే పరీక్షింపఁబడును. వానిలో నేది వెలిఁగినను జవాబు దొరకును. ఏదియు వెలుఁగనిచో "ఎంటర్" అని వ్రాయవలెను. మొదటి ఇ పచ్చనైనచో ఎయిట్. ఎన్ వెలిఁగినచో నైట్. ఆర్ వెలిఁగినచో రైట్. ఈ మూఁడును కానిచో టైట్. మూఁడవ యత్నమున తప్పక గెలుపు. ఒక యత్నమును వ్యయపఱచుటకు మనసొప్పక నాలుగింటిని పోఁగొట్టుకొంటిమి.

నేఁడు కొన్ని యక్షరములు చెప్పినచో పదములన్నియు ఏర్చి చూపు యంత్రములు కలవు. పరీక్షగదిలో అవి వెంట రావు.

సెలవులకు ఒక ప్రశ్న: ఆఱక్షరముల పదము. అందు ఏ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటియు లేవు. వై ఒక్కమారును, హెచ్ రెండుమారులును వచ్చును. సంగీతపు తరగతిలో కూర్చుండువారు మిగిలినవారికి చెప్పివేయకుందురు గాక.