భూమి కింద నీళ్లు ఎటు పోతున్నాయి?

గోదావరిఖని చుట్టూ కూలికి పోయినచోట దప్పికైతే మనం తాగేది బావి నీళ్లో, బోరు నీళ్లో. 1983లో కరెంటు మొదలెట్టిన రామగుండం ఎన్‌టీపీసీ బూడిదకు కుందనపల్లి చెరువుంది. బూడిదలోని లవణాలు నేలలోకి ఇంకితే ఎటు పోతాయి?

నీటిమట్టం పల్లమున్న వైపే. 1856లో ఫ్రాన్సు ఇంజనీరు డార్సీ ఇసుక గొట్టంతో తేల్చిన లెక్కిది: వాలు పెరిగినా, ఇసుక ముతకదైనా నీటి వేగం పెరుగుతుంది. కంప్యూటర్ నమూనాలకు ఇదే పునాది. అయితే బొగ్గు గనిలో నీళ్లు తోడితే భూమి కింద కొత్త పల్లం పడుతుంది. పంపు ఆపితే దారి మళ్లీ మారుతుంది. నిన్నటి మంచి బావి రేపు చెడొచ్చు.

బావులు కొలవకుండా కట్టిన నమూనా విత్తనం లేని సేద్యం. అందుకే అడుగుదాం: వానలకు ముందూ తర్వాతా మట్టాలు కొలవాలి, నీళ్లు పరీక్షించాలి, ఫలితాలు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి!